కాకుల్ని శపించలేం, కోతుల్ని ఆపలేం

యాగంటి చూసినవాళ్లందరికీ ఈ కథ తెలిసే ఉంటుంది. ఉమామహేశ్వరుడి గుడి దగ్గర కొండ గుహలో అగస్త్యుడు తపస్సు చేసుకుంటుంటే కాకులు చేరి ఒకటే గోల పెట్టాయంట. ఆయనకు కోపమొచ్చి, ఈ చుట్టుపక్కల కనపడొద్దని శపించాడంట. అందుకే యాగంటిలో ఇప్పటికీ కాకి వాలదని మా వైపు చెప్పుకుంటారు. శనీశ్వరుడి వాహనం కాకి కాబట్టి అక్కడికి శని కూడా రాలేడని మా అత్తమ్మ నమ్మకం.

పెళ్లై ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఈ కథ వింటూనే ఉన్నాను. పోయిన కార్తీకంలో మాత్రం మొదటిసారి ఇంకోలా తట్టింది. అగస్త్యుడంతటి ఋషికే ఆ గోలలో మనసు నిలవలేదు. మరి ఏడాది కూడా నిండని మా బెల్లం గాడు, గోడ మీద కోతి పళ్లికిలిస్తుంటే, నా మాట మీద మనసు పెట్టాలని నేనెలా అనుకున్నాను?

బెల్లం మా కుక్క పేరు. జాతి కుక్కేం కాదు. వానాకాలంలో బడి దగ్గర తడుస్తున్న పిల్లని మా వాడు సంచిలో వేసుకుని తెచ్చాడు. అప్పుడు ఒళ్లంతా పాకం రంగులో ఉండేది కాబట్టి ఆ పేరు పెట్టాడు. మా ఇల్లు బనగానపల్లె నుంచి యాగంటి పోయే దారిలో, రోడ్డు పక్కనే. మామూలు రోజుల్లో ట్రాక్టర్లు, ఆటోలు, నాపరాళ్ల లారీలు పోతుంటాయి. కార్తీక సోమవారం వచ్చిందంటే తెల్లవారుజాము నుంచే కార్లు, బైకులు తెంపు లేకుండా పోతాయి. వాళ్లు పారేసే అరటి తొక్కలకి, కొబ్బరి చిప్పలకి కోతులు కూడా రోడ్డు మీదకే వస్తాయి.

అలాంటి ఒక సోమవారం పొద్దున గేటు తీసి కళ్లాపి చల్లుతున్నాను. రోడ్డుకి అవతల ప్రహరీ మీదకి కోతి ఎక్కింది. బెల్లం బాణంలా దూసుకుపోయాడు. "బెల్లం, బెల్లం, ఆగు, రా, రారా" అని పదిసార్లు అరిచి ఉంటాను. వాడి చెవి కూడా కదల్లేదు. గుడి నుంచి వస్తున్న బైకాయన వాణ్ణి తప్పించబోయి పడిపోయాడు. వెనక భార్య, మధ్యలో ఐదారేళ్ల పిల్ల. దేవుడి దయవల్ల పెద్ద దెబ్బలేం తగల్లేదు. ఆయన మోచెయ్యి గీసుకుపోయింది, పాప మోకాలు చెక్కుకుపోయింది. లోపలికి తీసుకొచ్చి, కడిగి మందు రాస్తుంటే ఆయన అరిచిన అరుపులేవీ నాకు గుర్తు లేవు. ఆ ఇల్లాలు మెల్లగా అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. "కుక్కని పెంచుకున్నాక, పిలుస్తే వచ్చేట్టు పెంచుకోవద్దా అక్కా?"

నా దగ్గర జవాబు లేదు.

రాత్రి మా ఆయన తేల్చి చెప్పేశాడు. "ఇంక ఇది మనకొద్దు. రేపు ఎవరికన్నా చెప్పి బేతంచెర్ల కాడ వదిలేసి రమ్మంటా." మా వాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేనే బతిమాలాను, శివరాత్రి దాకా టైమివ్వండి, నేను నేర్పిస్తానని. ఆయన నవ్వాడు. "నీ కుక్క మాట వినేలోగా యాగంటి బసవన్న లేచి రంకేస్తాడు లే!" వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం తెలిసినవాళ్లకి ఆ మాటలోని వెటకారం విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ మూడు నెలల్లో నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది. ఇదంతా రాస్తున్నది అందుకే. కుక్క మాట వినట్లేదు అని మనం అనే సందర్భాల్లో చాలావాటిలో అసలు సంగతి, మనం ఆ మాట దానికి నేర్పనే లేదు. ఆపద వచ్చినప్పుడు రోడ్డు మీద నిలబడి అరుస్తాం. ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు నేర్పాలన్న ఆలోచనే రాదు. ఎక్కాలు నేర్పకుండా పిల్లాణ్ణి తీసుకెళ్లి సంతలో లెక్క అడిగినట్టు.

మొదట నేను చేసిన పని, ఇంట్లో వాణ్ణి ఎవరు ఏమని పిలుస్తున్నారో రెండు రోజులు గమనించడం. నేను "రా" అంటాను. మా అత్తమ్మ "దా" అంటుంది. మా వాడు "కమ్" అంటాడు. మా ఆయనది ఈల. అంతకన్నా ఘోరం, పిలిచి ఏం చేస్తున్నాం అన్నది. పిలిచి గొలుసు వేస్తాం. పిలిచి స్నానం చేయిస్తాం. పిలిచి చెప్పు కొరికినందుకు తిడతాం. పావ్లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త గురించి చిన్నప్పుడు చదువుకునే ఉంటారు. జీర్ణక్రియ మీద పరిశోధనకి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాయన. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకి ఆ శబ్దం వినగానే కుక్కకి నోరూరుతుందని చూపించాడు. అది తిరగేసి చూడండి. "రా" అన్న ప్రతిసారీ ఏదో ఒక కష్టం ఎదురైతే, ఆ మాట వినగానే కాళ్లు వెనక్కే పడతాయి. మా "రా" అప్పటికే పాడైపోయింది. అందుకని నలుగురం కూర్చుని మా అత్తమ్మ మాటే ఖాయం చేసుకున్నాం. ఇకనుంచి అందరిదీ "దా". ఒక్కసారే అనాలి. ఆ మాటతో పిలిచి తిట్టకూడదు, కట్టెయ్యకూడదు.

తర్వాత చోటు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, వెనక గదిలో తలుపేసుకుని ఐదంటే ఐదు నిమిషాలు. చేతిలో ఉడికిన గుడ్డు ముక్కలు, శనగగింజంత ముక్కలు. పేరు పిలుస్తాను. నా కళ్లలోకి చూస్తే "భలే" అని ఒక ముక్క. అంతే పాఠం. కూర్చోవడం, ఆగడం, రావడం అన్నీ తర్వాత. ముందు నావైపు చూడటం లాభమని వాడికి తెలియాలి. నాలుగు రోజులకి, పిలవకముందే ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూడటం మొదలుపెట్టాడు. నేను మురిసిపోయి వాణ్ణి గేటు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ ఏమీ రానట్టే చేశాడు!

అక్కడే నాకు రెండో సంగతి తెలిసింది. మనం ఒక మాట ఇంట్లో నేర్చుకుంటే వీధిలోనూ తెలుస్తుంది. కుక్కకి అలా కాదు. వెనక గదిలో నేర్చుకున్న "కూర్చో" వరండాలో సగం కొత్త, రోడ్డు మీద పూర్తిగా కొత్త. పైగా దాని ముక్కు మన ముక్కు లాంటిది కాదు. వాసన పట్టే కణాలు మనకు లక్షల్లో ఉంటే దానికి కోట్లలో ఉంటాయి. మనకి ఖాళీగా కనిపించే గేటు ముందర వాడికి పొద్దున పోయిన మేకలు, రాత్రి తిరిగిన పిల్లి, పక్కింటి చేపల పులుసు అన్నీ ఉన్నాయి. తిరునాళ్లలో నిలబెట్టి చెవిలో పాఠం చెబితే మనకెంత ఎక్కుతుందో వాడికీ అంతే.

అందుకని మెట్లు కట్టుకున్నాను. దూరం, సేపు, సందడి. ఈ మూడింట్లో ఒకసారికి ఒకటే పెంచాలి. నేను పది అడుగుల దూరం పోయి పిలవాలనుకుంటే చుట్టూ సందడి ఉండకూడదు. సందడి ఉన్నచోటికి తీసుకెళ్తే నేను పక్కనే నిలబడాలి, ఒక్క క్షణం చూసినా ముక్క ఇచ్చేయాలి. వెనక గది తర్వాత వరండా, తర్వాత కోళ్లు తిరిగే పెరడు, తర్వాత మూసిన గేటు, చివరికి తీసిన గేటు. బయటికి పోయినప్పుడల్లా అటక మీది పాత చేంతాడు నడుముకి వేసిన పట్టీకి కట్టాను. లాగడానికి కాదు, రోడ్డెక్కకుండా. నేర్చుకునే రోజుల్లో వాడి ప్రాణం వాడి బుద్ధి మీద వదిలెయ్యలేం కదా.

కోతుల సంగతికొస్తే, పక్కింటి చింతచెట్టు మీదకి సాయంత్రం నాలుగింటికి ఒక గుంపు వస్తుంది. ఎంత దూరంలో ఉంటే వాడికి నా మాట వినపడుతుందో తెలుసుకోవడానికి గుడ్డు ముక్కే కొలబద్ద. యాభై అడుగుల అవతల నుంచి చూపిస్తే కోతిని చూశాడు, నన్ను చూశాడు, ముక్క తిన్నాడు. ముప్పై అడుగుల దగ్గర నోట్లో పెట్టినా కింద పడేశాడు. ఇష్టమైన తిండి కూడా కనపడనంతగా కళ్లు కోతి మీదే ఉన్నాయంటే అప్పుడింక పాఠం ఎక్కదు, చెవులు పని చెయ్యవు. అక్కడ అరవడం దండగ. నాలుగడుగులు వెనక్కి రావాలి, అంతే. ఈ వెనక్కి రావడం మనుషులకి చాలా కష్టం. ఓడిపోయినట్టు ఉంటుంది. నిజానికి రోజుకో అడుగు చొప్పున ముందుకి పోయింది అలా వెనక్కి వచ్చినందుకే.

నేనేదో అంతా తెలిసినదానిలా రాస్తున్నాననుకోకండి. పుష్యమాసంలో ఒకరోజు వాడు నా కొత్త చెప్పు కొరికేశాడు. ఒళ్లు మండిపోయి "దా" అని పిలిచాను. తోకూపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అదే చెప్పుతో ఒక్కటిచ్చాను. తర్వాత మూడు రోజులు నేను ఎంత ముద్దుగా పిలిచినా నాలుగడుగుల అవతలే ఆగిపోయి తల వంచుకున్నాడు. వాడి లెక్కలో చెప్పు కొరికినందుకు దెబ్బ పడలేదు, పిలవగానే వచ్చినందుకు పడింది. రెండు నెలల కష్టం ఒక్క నిమిషంలో పోగొట్టుకుని, మళ్లీ వెనక గదిలో మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాను.

"భయం ఉంటేనే కుక్క వింటాది" అని మా ఆయన అంటాడు. వీధిలో చాలామంది మాట కూడా అదే. భయంతో వినే కుక్క, కర్ర కనపడినంత సేపే వింటుంది. కోతి కనపడగానే కర్ర మర్చిపోతుంది. ఇంకా ఘోరం, భయపడిన కుక్కే కరిచేది. మన నన్నయ్య భారతం ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే ఆడుకోవడానికి వచ్చిన కుక్కపిల్లని ఆయన తమ్ముళ్లు కొడతారు. దాని తల్లి సరమ, దేవతల కుక్క, సభకి వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డని ఎందుకు కొట్టారని నిలదీసి శపిస్తుంది. అంత పెద్ద రాజు ఆ శాపానికి భయపడి పరిహారం కోసం తిరుగుతాడు. వెయ్యేళ్ల కిందటే తెలుగులో చెప్పుకున్న సంగతి, ఇంకా మన వీధుల్లోకి రాలేదు.

"నాటు కుక్కకి ట్రైనింగేంది మ్మే" అని నవ్విన వాళ్లకీ ఒక మాట. కొల్లేరు వైపు బాతులు మేపేవాళ్ల దగ్గర జోనంగి కుక్కలు ఉండేవి, మన ఆంధ్ర కుక్కలే. వందల బాతులు రెక్కలు కొట్టుకుంటూ ముందర పోతుంటే, ఒక్కదాన్నీ నోట కరవకుండా తోలేవి. బాతుల మంద మధ్య నిలిచే బుద్ధి మన గడ్డ మీద పుట్టిన కుక్కకి ఉన్నప్పుడు మా బెల్లానికి ఎందుకుండదు? ఉత్సవాలప్పుడు శ్రీశైలంలోనో తిరుమలలోనో పోలీసు కుక్కల్ని చూసే ఉంటారు. అంత జనంలో, అన్ని ప్రసాదాల వాసనల్లో తలొంచుకుని తమ పని చేసుకుంటూ పోతాయి. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో అలాంటి కుక్కలకి శిక్షణనిచ్చే సంస్థే ఉంది. నెలల తరబడి, రోజూ అదే మనిషితో నేర్చుకుంటాయి. పని బాగా చేస్తే వాటికిచ్చే బహుమతి చాలాసార్లు ఒక బంతి, ఇంత ఆట. పుట్టుకతో వచ్చిన భక్తి ఏమీ కాదది. ఎవరో ఓపిగ్గా కూర్చుని నేర్పినది.

మా అత్తమ్మ అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనది. "తిండి సూపిస్తే వస్తాడు సరే, చేతిలో ఏం లేనప్పుడు?" నేను కూడా భయపడ్డాను. అందుకే ముక్క చూపించి పిలవడం మానేశాను. పిలిచి, వచ్చాక ఇవ్వడం. మాట బాగా పట్టుబడ్డాక ప్రతిసారీ ఇవ్వకుండా, ఒకసారి ముక్క, ఒకసారి చెవుల వెనక గోకడం, ఒకసారి పెరట్లో పరుగు పందెం. ఏది వస్తుందో తెలియనప్పుడు ఇంకా ఉత్సాహంగా వచ్చాడు. కూలీ ఇవ్వకుండా ఎవరి చేతా పని చేయించుకోం కదా అత్తా అంటే ఆమె ఒప్పుకుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ప్రేమ కొద్దీ ప్రసాదం పెట్టేస్తుంటాం. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. చాక్లెట్, ఉల్లిపాయ కూడా పెట్టకూడదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మొదటి వారం వాడు నా కళ్లలోకి చూసినప్పుడు సగం సార్లు నేను ఫోన్ చూసుకుంటున్నాను. వాడు చూసి, చూసి, తల తిప్పుకునేవాడు. చూపుకి జవాబు రాకపోతే చూపు ఆగిపోతుంది. అది కనిపెట్టాక, మా వాడు బడి నుంచి వచ్చి ఏదో చెబుతుంటే "ఊఁ ఊఁ" అంటూ నేను కూరగాయలు తరిగిన రోజులన్నీ గుర్తొచ్చాయి. మూడోసారి పిలిస్తే గానీ పలకడని వాణ్ణి తిట్టేదాన్ని. మూడోసారి అరిస్తే తప్ప అమ్మకి అవసరం లేదని వాడికి నేర్పింది నేనే. ఇప్పుడు పిల్లాణ్ణి కూడా ఒక్కసారే, దగ్గరికి పోయి పిలుస్తున్నాను. కుక్కకి చెప్పినట్టు తనకి చెబుతున్నానని వాడికి తెలిస్తే అలుగుతాడు, మీరు చెప్పకండి.

శివరాత్రి వచ్చింది. ఆ రోజు బెల్లాన్ని పరీక్ష పెట్టాలని నేను అనుకోలేదు. అంత జనంలోకి, అన్ని మైకుల్లోకి తీసుకెళ్లడం నేర్పడం అనిపించుకోదు, హింస. వెనక గదిలో నీళ్లు, నమలడానికి ఎముక పెట్టి, తలుపేసి మేం యాగంటి పోయి వచ్చాం. పుష్కరిణిలో కాళ్లు కడుక్కుని, బసవన్నకి దణ్ణం పెట్టుకుని, ఇంకా లేచి రంకెయ్యలేదని మా ఆయన వైపు ఓరగా చూసి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం. వాణ్ణి వదిలి, నేను సంచులు దింపుకుంటున్నాను. మా ఆయన బండి లోపల పెట్టడానికి గేటు తీశాడు. సరిగ్గా అప్పుడే ఎదురు గోడ మీదకి కోతి దూకింది, చేతిలో సగం కొబ్బరి చిప్ప. రోడ్డు నిండా బండ్లు. బెల్లం గేటు దాకా ఒక్క ఊపున పోయాడు. నా గుండె ఆగిపోయింది. అరవలేదు. అరిచేంత ఊపిరి కూడా లేదు. వెనక గదిలో అన్నట్టే అన్నాను. "బెల్లం, దా."

వాడి చెవి ఇటు తిరిగింది. ఒళ్లంతా వణుకుతోంది. కోతిని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కోతిని చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి పరుగెత్తుకొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. చేతిలో గుడ్డు లేదు. ప్రసాదం సంచిలో కొబ్బరి ముక్క ఉంటే తీసి పెట్టాను. నా చేతులు వాడికన్నా ఎక్కువ వణికాయి. మా ఆయన ఏమీ అనలేదు. గేటు వేసి, గడియ పెట్టి, ఒకసారి మళ్లీ లాగి చూసి లోపలికొచ్చాడు. బేతంచెర్ల మాట ఆ తర్వాత మా ఇంట్లో వినపడలేదు.

మర్నాడు వాడు పక్కింటి పుంజు వెంట పడ్డాడనుకోండి, అది వేరే సంగతి. ఇంకా చేంతాడు విప్పలేదు, గేటు తెరిచి ఉంచడమూ లేదు. ఐదు నిమిషాల పాఠం ఇప్పటికీ రోజూ ఉంది.

మీ ఇంట్లో కుక్క ఉంటే, వీధిలోంచి తెచ్చుకున్నదైనా, వేలు పోసి కొన్నదైనా, ఈ మధ్యాహ్నమే ఒక గది తలుపేసుకుని దాని పేరు ఒక్కసారి పిలిచి చూడండి. అది నేర్చుకోకపోతే దెబ్బ తగిలేది మనకొక్కరికే కాదు, మన గేటు ముందు నుంచి పోయే ఎవరి పిల్లకో తగులుతుంది. ఆ పాప మోకాలు ఈపాటికి మానిపోయే ఉంటుంది. వాళ్లమ్మ మళ్లీ ఈ దారిలో యాగంటి పోతే, ఆగి కాసిని మజ్జిగ తాగి పొమ్మని చెప్పాలని ఉంది. ఆమె అడిగినదానికి ఇప్పుడు నా దగ్గర సగం జవాబు ఉంది.